గోడ బయటి కొలత

జయశీలన్ పదకొండు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మాధవీలత దుకాణానికి వెళ్లాడు. మొదటి ప్రశ్న: సర్వర్ ఏ ఊళ్లో ఉంటుంది? పదకొండోది: నేను పోయాక వెబ్‌సైట్ ఎవరిదవుతుంది?

దుకాణం శంషాబాద్ బస్టాండు దగ్గర ఒక సందులో, మొదటి అంతస్తులో ఉంది. మాధవీలత తొమ్మిదేళ్లుగా అక్కడ వెబ్‌సైట్లు తయారు చేస్తోంది. ఫంక్షన్ హాళ్లవాళ్లు, ట్యాక్సీల యజమానులు, విమానాశ్రయంలో పనిచేసేవాళ్లకు గదులు కిరాయికిచ్చే హాస్టళ్లవాళ్లు ఆమె దగ్గరికి వస్తారు. వాళ్లు అడిగేది ఒకటే, ఎప్పటికి తయారవుతుందని.

"సార్, ప్లాటు కొనేటోళ్లు గూడ ఇన్ని అడగరు," అంది ఆమె కాగితం చూసి.

"వాళ్లు అడగకనే నా నౌకరి ముప్పై ఆరేండ్లు నడిచింది బిడ్డా."

ఆయన భూముల సర్వే శాఖలో పనిచేసి 2015లో రిటైరయ్యాడు. వయసు అరవై ఎనిమిది. కుడి కన్ను కనిపించదు. ఎడమ కంటి చూపు అంచుల నుంచి తగ్గుతోందని, ఏడాది తర్వాత చదవగలడో లేదో చెప్పలేనని డాక్టరు మార్చిలో చెప్పాడు. ఆయన దగ్గర ఒక ఫీల్డ్ బుక్కు ఉంది. పెన్సిల్‌తో, పొడి అక్షరాల్లో రాసుకున్న కొలతలు. వాటిని చదవగలిగేది ఆయన ఒక్కడే. చూపు ఉండగానే ఆ కొలతల్ని అందరూ చదివేలా ఒకచోట పెట్టాలి. ఆయన వచ్చిన పని అదే.

ఆ కొలతలు బేతేలుగూడ సమాధుల తోటవి. బేతేలుగూడలో ఇరవై మూడు ఇళ్లు, ఒక చర్చి ఉండేవి. విమానాశ్రయానికి భూములు తీసుకున్నప్పుడు ఆ గూడెం పోయింది. 2004లో సమాధులు కూడా తీయాల్సి వచ్చింది. తీయకముందు జయశీలన్ సెలవు పెట్టి మూడు రోజులు సర్వే గొలుసు పట్టుకుని ప్రతి సమాధినీ కొలిచాడు. మొత్తం నలభై ఒకటి. అన్నీ ఆయన తాత, తాత అన్నదమ్ముల కుటుంబాలవే. కొత్త సమాధుల తోటలో ఒక గోతికి మాత్రమే చోటు దొరికింది. ఎముకలున్న నలభై ఒక్క గుడ్డ సంచులు అందులో పెట్టి పైన ఒక రాయి నిలిపారు. రాయి మీద పేర్లు లేవు. సంవత్సరం, నలభై ఒక్కరు అన్న మాట ఉన్నాయి. ఎవరి పక్కన ఎవరు ఉండేవారన్నది ఆయన ఫీల్డ్ బుక్కులో, దాన్నుంచి గీసిన నక్షలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఏడేళ్ల కింద ఉపేందర్ అనే బంధువు ఆ పేర్లతో ఒక వెబ్‌సైట్ చేసి పెట్టాడు. ఖాతా తన ఆఫీసు ఈమెయిల్‌తో తెరిచాడు. ఉద్యోగం మారాక ఆ ఈమెయిల్ మూతపడింది. గడువు దగ్గరపడిందన్న ఉత్తరాలు ఎవరికీ చేరలేదు. ఒకరోజు జయశీలన్ సైట్ తెరిస్తే, ఈ పేరు అమ్మకానికి ఉంది అన్న వాక్యం కనిపించింది.

"గట్లనే పోతయ్ సార్," అంది మాధవీలత. "సర్వర్ చెడిపోయి సైట్ పోయింది నేను ఒక్కటి చూడలే. మనిషి పోతడు, లేకుంటే నంబరు మారుతది. ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెల్వది. సైట్ మంచిగనే ఉంటది, తాళం ఉండది."

ఆమె మూడు దారులు చెప్పింది. మొదటిది ఉచితం. దాని చిరునామాలో కంపెనీ పేరు ఉంటుంది, కంపెనీ ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మూసేస్తుంది. రెండోది వంశవృక్షాల కోసమే నడిపే సైటు. ఫొటోలు, పేర్లు, చుట్టరికాల గీతలు అన్నీ బాగా కుదురుతాయి.

"లోపల పెట్టినయి మళ్ల బయటికి తీసుకోవచ్చునా?" అని అడిగాడు జయశీలన్.

"ఫొటోలు తీసుకోవచ్చు. మిగిలినయి అంత సులువు కాదు."

"అయితే వద్దు."

మూడోది ఆమె సలహా. సైట్ పేరు ఒక కంపెనీ దగ్గర, పేజీలు ఉంచే జాగా ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవాలి. జాగా ఇచ్చిన కంపెనీ మూతపడినా పేరు చేతిలో ఉంటుంది, దాన్ని వేరే జాగాకు తిప్పుకోవచ్చు. పేజీలు సాదాగా ఉండాలి. పేర్లు, తేదీలు, నక్ష, అంతే. అలాంటి పేజీల్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ కంప్యూటర్లోనైనా తెరవవచ్చు. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు పెట్టకూడదు. పేరును ఒకేసారి పదేళ్లకు తీసుకోవచ్చు, అంతకు మించి కుదరదు.

"పదేండ్ల తర్వాత?"

"ఎవరో ఒకరు మళ్ల పొడిగించాలె సార్. గా ఎవరో ఒకరు ఎవరన్నదే మీ పదకొండో ప్రశ్న."

జయశీలన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మూడూళ్ల హద్దులు కలిసే కాడ ఒక రాయి పాతుతం," అన్నాడు. "దాని కొలత మూడూళ్ల నక్షల్లనూ ఎక్కిస్తం. ఒక ఊరి నక్ష కాలిపోనీ, ఎవడన్న రాయి పీకెయ్యనీ, మిగిలిన రెండిట్లకెల్లి మళ్ల జాగా పట్టొచ్చు. గిది గూడ గట్లనే పెట్టు."

"ముగ్గురి పేర్ల మీదనా?"

"మా తాతకు ముగ్గురు కొడుకులు. మూడిండ్లు. ఇంటికొక తాళం."

"మంచిగుంది. ఒక్క ఇంట్లనే ముగ్గురయితే మాత్రం నేను లెక్కపెట్టను సార్, ముందే చెప్తున్న. అందరూ ఒక్కటే వైఫై మీద అలుగుతరు."

ఆయన నవ్వాడు. ఖాతాకు ముగ్గుర్ని ఒప్పుకునే కంపెనీని ఆమె రెండు రోజుల్లో వెతికి పెట్టింది. ఇక నంబర్లు ఇవ్వడమే మిగిలింది.

మొదటి నంబరు జయశీలన్‌ది. ఆయన తర్వాత ఆ తాళం కొడుకు బ్లెసన్‌కు వెళ్తుంది. బ్లెసన్ విమానాశ్రయం కార్గోలో పనిచేస్తాడు. రెండో ఇల్లు బాలాపూర్‌లో ఉండే చిన్నాన్న కొడుకు ఆశేర్‌ది. ఆశేర్ ఫోన్లోనే ఒప్పుకున్నాడు.

"నంబరు రాసుకో అన్నా. పాస్‌వర్డ్ మాత్రం నన్ను యాదికి పెట్టుకొమ్మనకు. పోయినేడు మీ మరదలు పుట్టినరోజు మర్చిపోయి మూడు దినాలు హోటల్ల తిన్న."

మూడో ఇల్లు ఇందిరమ్మది. జయశీలన్ పెదనాన్న కూతురు. డెబ్బై మూడేళ్లు. మైలార్‌దేవ్‌పల్లిలో కూతురు షెకీనా దగ్గర ఉంటుంది. షెకీనా రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విత్తనాలు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగి. పేజీలు చూసుకోవడం, గడువులు గుర్తుపెట్టుకోవడం ఆమెకు పెద్ద పని కాదు. జయశీలన్ పన్నెండు రోజులు ఆ ఇంటికి ఫోన్ చేయలేదు. మాధవీలత రెండుసార్లు గుర్తుచేసింది. ఆయన రెండుసార్లూ రేపు అన్నాడు.

కారణం ఫీల్డ్ బుక్కు పద్దెనిమిదో పేజీలో ఉంది. ఆ పేజీలో ఒక వరుస మీద అడ్డంగా ఒక గీత ఉంది, గీత పక్కన ఆయన పొడి సంతకం ఉంది. ఫీల్డ్ బుక్కులో రబ్బరుతో చెరపకూడదు. తప్పయితే ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి, పక్కన సంతకం చేయాలి. అది శాఖ పద్ధతి. ఆ వరుస తప్పు కాదు. ఆయన కొలిచాడు. కొలిచాక కొట్టేశాడు.

అది ఇందిరమ్మ మొదటి బిడ్డ కొలత. ఆడపిల్ల. 1976 ఆగస్టులో పుట్టి తొమ్మిదో రోజున పోయింది. బాప్తిస్మం కాలేదు. బాప్తిస్మం కాని పసిపిల్లల్ని సమాధుల తోట గోడ లోపల పెట్టే పద్ధతి అప్పట్లో ఆ సంఘంలో లేదు. గోడకు పడమర పక్క, బయట పెట్టారు. బిడ్డను అక్కడిదాకా ఎత్తుకుపోయింది జయశీలన్. అప్పుడు ఆయనకు పంతొమ్మిదేళ్లు. ఇందిరమ్మ మంచం మీద ఉంది, ఆ చోటు ఆమె చూడలేదు. తర్వాత కూడా ఎవరూ తీసుకెళ్లి చూపలేదు.

2004లో సమాధుల జాబితా ఇవ్వాల్సింది జయశీలన్. కుటుంబం తరఫున సంతకం ఆయనది. రికార్డులో సమాధుల తోట అంటే గోడ లోపలి భూమి. గోడ బయట ఒకటి ఉందని రాస్తే వేరే అర్జీ పెట్టాలేమో, గడువు నాలుగు రోజులే ఉంది, మిగతావన్నీ ఆగిపోతాయేమో అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. వద్దని ఆయనతో ఎవరూ అనలేదు. వరుస కొట్టేసి నలభై ఒకటి అని రాసిచ్చాడు. కొత్త చోట రాయి నిలిపిన రోజు ఇందిరమ్మ ఆయన చేయి పట్టుకుని, అందరూ వచ్చిండ్రా అని అడిగింది. అందరూ వచ్చిండ్రక్కా అన్నాడు.

అప్పటినుంచి ప్రతి నవంబరు రెండున సమాధుల పండుగకు ఆమె ఆ రాయి దగ్గర రెండు కొవ్వొత్తులు వెలిగిస్తోంది. ఒకటి అందరికీ. రెండోది చిన్నది.

పదమూడో రోజు ఆదివారం. ఆరాధన అయ్యాక జయశీలన్ ఆటో ఎక్కి మైలార్‌దేవ్‌పల్లి వెళ్లాడు. సంచిలో నక్ష నకలు ఉంది, పేర్ల జాబితా ఉంది. ఫీల్డ్ బుక్కు కూడా పెట్టుకున్నాడు.

ఇందిరమ్మ వరండాలో పీట మీద కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది.

"ఏందిరా, తొవ్వ తప్పి వచ్చినవా? పోయిన క్రిస్మస్‌కు వచ్చిన మనిషివి."

"కండ్లు మంచిగ లేవక్కా."

"కండ్లు లేకుంటే నోరు లేదా? ఫోన్ చెయ్యనీకేమైంది?"

షెకీనా నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన వెబ్‌సైట్ గురించి చెప్పాడు, మూడిళ్లకు మూడు తాళాలు ఎందుకో చెప్పాడు. షెకీనా ఒకటి రెండు సంగతులు అడిగి సరే అంది. ఇందిరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ కాగితం ఇటియ్యి అంది.

నక్షను ఆమె ఒడిలో పరుచుకుంది. ప్రతి సమాధికీ ఒక చిన్న పెట్టె, లోపల ఒక అంకె. జాబితాలో అంకె ఎదురుగా పేరు. ఆమె అంకెల మీద వేలు పెట్టి, షెకీనాతో పేర్లు చదివించుకుంటూ పోయింది. కొందరి దగ్గర ఆగింది. జంగయ్య తాత పక్కన రేణుకమ్మ అవ్వ కాదు, నడుమ ఇంకొకరు ఉండాలి అంది. జయశీలన్ చూసి, ఉన్నారని, ఆ అంకె చిన్నగా పడిందని చెప్పాడు. నలభై ఒకటి దగ్గర వేలు ఆగింది. ఆమె కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"నాదేది?"

జయశీలన్ సంచిలో చేయి పెట్టాడు.

"నిన్నే అడుగుతున్న. నా బిడ్డ ఏది?"

"ఇందుల లేదక్కా."

"ఇందుల లేకుంటే ఎందుల ఉంది?"

ఆయన ఫీల్డ్ బుక్కు తీసి పద్దెనిమిదో పేజీ తెరిచాడు. కొట్టేసిన వరుస చూపించాడు. ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాడు. గోడ, రికార్డు, నాలుగు రోజుల గడువు, గీత. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"రాయి కాడ నేనడిగిన కదరా," అంది ఇందిరమ్మ. "అందరూ వచ్చిండ్రా అని."

"అడిగినవ్."

"నువ్వేమన్నవ్?"

"వచ్చిండ్రన్న."

"ఇరవై ఒక్క ఏండ్ల సంది నేను దీపం ఎవరికి పెడుతున్న మరి?"

షెకీనా లేచి నిలబడింది. "మామా, ఇగ నువ్వు పో. తాళాలు లేవు, ఏం లేవు. ముందు ఇక్కడికెల్లి లే."

"నువ్వు జర ఆగు," అంది ఇందిరమ్మ కూతురితో. జయశీలన్ వైపు తిరిగింది. "ఇప్పుడు అక్కడేముంది?"

"లారీలు పోయే రోడ్డు ఉంది. బిడ్డ రోడ్డు కింద లేదక్కా. నాలుగు మీటర్లు ఇవతల, గడ్డిల ఉంది. పాత కొలతలు, ఇప్పటి నక్ష కలిపి చూసిన. బ్లెసన్ రోజూ గా పక్కకెల్లే పోతడు. వానికి గూడ చెప్పలే."

"నేను పోయి చూడొచ్చునా?"

"ఎయిర్‌పోర్టు లోపలికి పోనియ్యరు. కంచె బయటి నుంచి గూడ కనపడది."

ఆమె నక్షను మడతలు చూసుకుని మడిచింది. ఆయనకు తిరిగివ్వకుండా పీట కింద పెట్టుకుంది. ఎల్లిగడ్డ చేట ముందుకు లాక్కుంది. కాసేపటికి, అన్నం తిని పో అంది. ఆయన తినలేదు. తినమని ఆమె రెండోసారి అనలేదు.

తర్వాతి వారం జయశీలన్ రెండుసార్లు దుకాణానికి వెళ్లాడు. మూడో నంబరు లేకుండానే పని పూర్తి చేద్దామా అని మాధవీలత అడిగింది. జాగా తీసుకోవడం అయిపోయింది, పేజీలు సిద్ధంగా ఉన్నాయి. మరో చుట్టాన్ని ఎవరినైనా పెట్టవచ్చు.

"మూడో ఇల్లు వాళ్లదే," అన్నాడు ఆయన. "వాళ్లు రాకుంటే ఆ చోటు ఖాళీగనే ఉండాలె."

ఆ రోజు ఆయన నక్ష మళ్లీ గీయించాడు. గోడ పడమర గీతకు అవతల ఒక పెట్టె పెట్టించాడు. గొలుసు లాగిన గీత మీద నలభై ఒక్క మీటర్ల ఇరవై సెంటీమీటర్లు, అక్కడి నుంచి ఎడమకు మూడు మీటర్ల అరవై. పెట్టెలో అంకె నలభై రెండు. పేరు ఉండాల్సిన చోట ఏం రాయాలని మాధవీలత అడిగితే, ఏం రాయొద్దన్నాడు.

గురువారం పొద్దున షెకీనా నుంచి సందేశం వచ్చింది. అమ్మ దుకాణానికి వస్తానంటోంది, పదకొండింటికి.

ఇందిరమ్మ రెయిలింగు పట్టుకుని మెట్లెక్కింది. మాధవీలత కుర్చీ వేసింది, చాయ్ తెప్పిస్తానంది. వద్దంది ఇందిరమ్మ. జయశీలన్ గోడ పక్కన నిలబడ్డాడు. ఇంకో కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"ఈ సైట్‌కు పెద్ద ఎవరు బిడ్డా? అన్నిటికంటె మీద పేరు ఎవరిది?"

"ఓనర్ అంటమమ్మా. జయశీలన్ సార్ పేరు పెట్టిన. మిగిలిన ఇద్దరు లోపలికి వచ్చి మార్చొచ్చు, పొడిగించొచ్చు. ఓనర్ అయితే వాళ్లను తీసెయ్యొచ్చు, సైట్ మొత్తమే మూసెయ్యొచ్చు."

"ఆ పేరు నాది పెట్టు."

మాధవీలత జయశీలన్ వైపు చూసింది. సైట్ కోసం నాలుగు వారాలు తిరిగింది ఆయన. మూడు రోజులు ఎండలో గొలుసు లాగింది ఆయన. ఒప్పుకుంటే, ఇందిరమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆయన తాళం తీసేయగలదు. నలభై ఒక్క పేర్లు, నక్ష ఆమె చేతిలో ఉంటాయి.

"పెట్టు," అన్నాడు.

"ఆలోచించుకోండ్రి సార్. తర్వాత మార్చాలంటే అమ్మనే ఒప్పుకోవాలె."

"పెట్టు బిడ్డా."

పేరు మార్చడానికి పదిహేను నిమిషాలు పట్టింది. షెకీనా నంబరు మూడో ఇంటి తాళానికి చేరింది. తర్వాత మాధవీలత కొత్త నక్షను తెర మీద తెరిచి నలభై రెండో పెట్టె చూపించింది. ఇందిరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని తెరకు దగ్గరగా వంగింది.

"ఈ గీతేంది?"

"గోడ అక్కా," అన్నాడు జయశీలన్. "నువ్వు తియ్యమంటే తీసేస్తం. గీత లేకుంటే అందరి నడుమ ఉన్నట్టే ఉంటది."

"తియ్యకు. ఉన్న గోడను లేదనొద్దు. మళ్ల ఇంకొక అబద్ధం ఎందుకు?"

గీత ఉండనిమ్మని ఆయన మాధవీలతకు సైగ చేశాడు.

"పేరేం రాయాలమ్మా?" అని అడిగింది మాధవీలత.

"రూతు. తొమ్మిది దినాలు నేను అట్లనే పిలిచిన. బాప్తిస్మం కానిదానికి పేరేందని అప్పుడు పెద్దలు రాయలే." ఇందిరమ్మ ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. "నేను చెప్త, రాయి. రూతు. తల్లి ఇందిరమ్మ. డెబ్బై ఆరు ఆగస్టుల పుట్టింది, తొమ్మిది దినాలు బతికింది. గోడ అవతల పెట్టిండ్రు. ఎత్తుకపోయింది తమ్ముడు జయశీలన్."

మాధవీలత రాసింది.

"సమాధులు తీసిననాడు దీన్ని తియ్యలే. ఇంకా అక్కడనే ఉంది. కొలిచినోడు జయశీలన్. కొట్టేసినోడు జయశీలన్. రాసినవా?"

మాధవీలత చేతులు కీబోర్డు మీద ఆగాయి. "ఇట్లనే ఉండాలెనా అమ్మా? ఎవరైనా చదువుతరు."

"చదవనీకే కదా పెడుతున్నం," అన్నాడు జయశీలన్. "ఇంకొక మాట గూడ రాయి. అందరూ వచ్చిండ్రని అక్కకు చెప్పినోడు జయశీలన్."

ఇందిరమ్మ ఆయన వైపు తిరగలేదు. వద్దని కూడా అనలేదు. మాధవీలత ఆ వాక్యం చేర్చింది.

పేజీ మొత్తం ఒకసారి చదవమని ఇందిరమ్మ కూతురితో అంది. షెకీనా ఒకటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేరూ పైకి చదివింది. కింద బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. పేరు వినపడనప్పుడల్లా ఇందిరమ్మ చేయెత్తి ఆపి మళ్లీ చదివించింది. నలభై రెండోది అందరికంటె పెద్దది, పేరు కాక తొమ్మిది వాక్యాలు. షెకీనా చివరి వాక్యం దగ్గర ఒకసారి మామ వైపు చూసి, చదివింది.

"సరిగ్గుంది," అంది ఇందిరమ్మ. కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుంది. "ఇగ అందరికీ కనపడేటట్టు చెయ్యి బిడ్డా."

మాధవీలత బటన్ నొక్కింది. పేజీ తెరుచుకోవడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. ఇందిరమ్మ అప్పటికే లేచి తలుపు వైపు నడిచింది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అడిగింది.

"శీలన్, నవంబరు రెండుకు నాతోని వస్తవా, రావా?"

"ఏడికక్కా?"

"కంచె దాంక. ఏ దిక్కు తిరిగి నిలబడాల్నో నాకు చూపించు."

"వస్త," అన్నాడు.

షెకీనా తల్లి చేయి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కొక్క మెట్టూ దిగారు.